రాతి మీది అంబాసిడర్

జనవరి 11

జూలైలో నా భార్య ఊర్మిల పోయింది. ఒకసారి రాశాను, చాలు.

అడవి సరుకులు కొనే మా సొసైటీ వాళ్లు కొత్త సంవత్సరానికి ఇచ్చే డైరీ ఇది. ప్రతి ఏడూ ఇంటికి తెచ్చేవాణ్ణి, ప్రతి ఏడూ ఆమె పట్టుకుపోయేది. ఈసారి బల్ల మీదే ఉండిపోయింది.

దోర్నపాల్ నుంచి సుక్మా వెళ్లే రోడ్డు మీద కిలోమీటరు రాళ్లకి పసుపు తల. చింతపండు తెచ్చే మాసా వాళ్ల పారాకి, అంటే గూడేనికి, మళ్లగానే నారింజ తల. ఎందుకని ఊర్మిల ఒకప్పుడు అడిగింది. పసుపు జాతీయ రహదారికి, ఆకుపచ్చ రాష్ట్ర రహదారికి, నారింజ పల్లె రోడ్డుకి అని చెప్పాను.

"మరి రోడ్డే లేని ఊళ్లకి?" అంది.

ఇప్పటికీ తెలియదు.

జనవరి 17

మా అంబాసిడర్ కారు స్టార్టు కాలేదు. జూలై నుంచి తీయలేదు, ఎలా అవుతుంది. మెకానిక్ నాగరాజు వచ్చి బ్యాటరీ విప్పుకుపోయాడు.

"అమ్మేస్తరా సార్?"

"లేదు."

"మరి తిప్పుతరా?"

"చూద్దాం."

"ఏదో ఒకటి జెయ్యాలె సార్. నిలబెట్టిన బండికి ఎలుకలే ఓనర్లు."

బానెట్ ఎత్తితే నిజంగానే ఎలుక గూడు. గూట్లో దూది. ఊర్మిల సంచిలోదే అయి ఉంటుంది. ఆమె ఏఎన్ఎం, ఊరూరూ తిరిగి టీకాలు వేసే నర్సు. ఆదివారాలూ సెలవు రోజులూ నేను కారు నడిపేవాణ్ణి, ఆమె టీకాల డబ్బా ఒళ్లో పెట్టుకుని ఎడమ పక్క కూర్చునేది. బస్సు లేని ఊళ్లన్నీ అలాగే తిరిగాం.

టైర్లు నల్లగా ఎందుకుంటాయి? రబ్బరు పాలు తెల్లవే. మసి కలుపుతారు. మసి లేని టైరు తొందరగా అరిగిపోతుంది. ఇది కూడా ఆమె అడిగిందే. "అంటే వంటింటి గోడకి పట్టేదేనా?" అని నవ్వింది. ఇంచుమించు అదే.

జనవరి 18

బీపీ మాత్రలు అయిపోయాయి. రేపు తెచ్చుకోవాలి.

జనవరి 26

భద్రాచలం నుంచి బిందు ఫోను. మా అమ్మాయి రోజూ ఒకే మాట అడుగుతుంది.

"తిన్నావా నాన్నా?"

"తిన్నాను."

"ఏం తిన్నావు?"

ఇది కొత్త ప్రశ్న. తల్లి పోలిక. పప్పు అన్నాను. పప్పు నిన్నటిది. తినలేదు.

మాత్రలు తేలేదు. మందుల షాపు మూసి ఉంది. జెండా పండగ.

ఫిబ్రవరి 2

మాసా చింతపండు తూకానికి సొసైటీకి వచ్చాడు. మూట దించాక కూడా వెళ్లలేదు. తలగుడ్డ విప్పి మళ్లీ కట్టుకుంటూ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"నీతోని ఒక మాట ఉంది సారూ."

"చెప్పు."

"మా పారాల అందరం అనుకున్నం. దీదీకి రాయి నిలపాలని."

ఊర్మిలని సిస్టర్ దీదీ అంటారు వాళ్లు. అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. తమవాళ్లు పోతే రోడ్డు పక్కన పలకలు నిలిపి బొమ్మలు వేయిస్తారు. అందులో ఊర్మిలకి ఒకటి.

"మేము మీవాళ్లం కాదు కదా మాసా. మేము చెయ్యాల్సినవి కుంట ఊరి దగ్గర శబరి నదిలో చేసేశాం."

"మీయి మీరు జేసిన్రు. మాయి మేము జెయ్యొద్దా? మా పారాల సగం మంది పిల్లలు మీ బండిలనే దవాఖాన జూసిన్రు. ఊరి పెద్ద గూడ సై అన్నడు. సూది పట్టుకోని దీదీ వస్తే మా పెద్దనే ముందుగాల చెట్టెక్కేటోడు, తెలుసా?"

ఆలోచించి చెబుతాను అన్నాను. వద్దనే చెప్పాలి.

ఫిబ్రవరి 6

రోడ్డు పక్క చెట్లకి నడుం దాకా సున్నం, మధ్యలో ఎర్రమట్టి పట్టీ. చెదలు పట్టకుండా ఎర్రమట్టి. చీకట్లో బండివాడికి చెట్టు కనిపించడానికి సున్నం. ఇన్నేళ్లూ అది అలంకారం అనుకునే దాటిపోయాను.

ఈమధ్య ఇలాంటివి తెగ తోస్తున్నాయి. ఆమె ఉన్నప్పుడు ఒక్కటీ తోచేది కాదు. జవాబులు చెప్పడంతోనే సరిపోయేది. ఎందుకో.

ఫిబ్రవరి 9

నాగరాజు బ్యాటరీ బిగించాడు. కారు తీశాను. మాసాకి వద్దని చెప్పి వచ్చేద్దామని బయల్దేరి దారిలో పోయినవాళ్ల రాళ్ల దగ్గర ఆగాను. పక్కనుంచి వందసార్లు వెళ్లి ఉంటాను, దిగి చూడలేదు.

రాళ్లంటారు గానీ నిలువెత్తు సిమెంటు పలకలు. నెమళ్లు, చేపలు, విల్లంబులు, వాటి మధ్య బళ్లు. జీపు, మోటారు సైకిలు, ట్రాక్టరు. ఒక దాని మీద విమానం కూడా ఉంది. పోయినవాళ్లు ఇష్టపడ్డవీ, కావాలనుకున్నవీ వేస్తారని తెలుసు. నాకు వింతగా తోచింది వేరే సంగతి. పోయినవాళ్లంతా డ్రైవరు సీట్లోనే ఉన్నారు. ఒక్కరూ వెనక కూర్చోలేదు.

మాసా అన్న సుక్కా జీపు నడుపుతున్నాడు. సుక్కాకి ఎడ్లబండి తప్ప ఏదీ చేత కాదు. లక్కే అని ఒక ముసలావిడ ఉండేది, మహువా, అంటే ఇప్పపువ్వు, అమ్మడానికి సొసైటీకి వచ్చేది. బస్సెక్కితే దోర్నపాల్ వచ్చేలోపు రెండుసార్లు వాంతి. ఆ లక్కే రాతి మీద బస్సే నడుపుతోంది. కండక్టరు కూడా లేడు.

బొమ్మలు వేసేవాడికి ఒక్క పద్ధతే వచ్చేమో. లేకపోతే ముందు సీటు మర్యాద కొద్దీ ఇచ్చారేమో. పక్కనుంచి గీస్తే కిటికీలో స్పష్టంగా పడే ముఖం డ్రైవరుదే, అది కూడా కారణం కావచ్చు. మూడోది నాకు నచ్చింది. కానీ విమానానికి అది కుదరదు. విమానంలో కిటికీలు వరసగా గీసి ఉన్నాయి, అన్నీ ఖాళీ. మనిషి మాత్రం ముక్కు దగ్గర కూర్చున్నాడు.

పారాకి వెళ్లకుండానే తిరిగి వచ్చాను. చెప్పాల్సింది మర్చిపోయాను.

ఫిబ్రవరి 11

బిందుకి రాయి సంగతి చెప్పాను. ఎక్కడ నిలుపుతారని ముందు అడిగింది. తర్వాత, "కారు బొమ్మ వేస్తారా?" అంది.

తెలియదన్నాను.

"వెయ్యమను నాన్నా. కారు లేకుండా అమ్మ ఏంటి?"

ఫిబ్రవరి 15

మాసాకి సరే అని కబురు పంపాను. రాయి వాళ్లది, స్థలం వాళ్లది. కాదనడానికి నేనెవరిని.

మాత్రలు తేవాలి.

ఫిబ్రవరి 23

బొమ్మ గీస్తున్నారని తెలిసి పారాకి వెళ్లాను. ఎండ మొదలైంది. తారు మీద ముందంతా నీళ్లు నిలిచినట్టు కనిపిస్తుంది, దగ్గరికి వెళితే ఉండదు. కింద గాలి వేడెక్కి వెలుతురు వంగుతుంది. మనం చూసేది రోడ్డు మీద పడ్డ ఆకాశం. బి.ఎస్సీ.లో చదివాను. పరీక్షలో బొమ్మ కూడా గీశాను.

మాసా వాకిట్లో పలకని ఇటుకల మీద పడుకోబెట్టారు. నంద పెన్సిల్‌తో గీస్తున్నాడు. దోర్నపాల్‌లో దుకాణాల బోర్డులు రాసేది అతనే. మంచి చెయ్యి. కారు ఉన్నదున్నట్టు దిగింది. గుండ్రటి దీపాలు, ఉబ్బెత్తు వీపు. ముడి చుట్టుకున్న ఊర్మిల. ఆమె చేతుల్లో స్టీరింగు.

"ఇది తప్పు," అన్నాను. "ఆమెకి డ్రైవింగ్ రాదు. కారు నడిపింది నేను. ఆమె ఎడమ పక్క కూర్చునేది."

"అందరికీ ఇట్లనే గీస్తం సార్," అన్నాడు నంద.

"ఎందుకు?"

"ఎందుకంటే... మా మామ ఇట్లనే గీసేటోడు."

"సరే, ఇది సరిచెయ్యి. స్టీరింగ్ దగ్గర నన్ను వెయ్యి. పక్కన ఆమెని."

మాసా పొగాకు నలుపుతున్నవాడల్లా ఆగిపోయాడు. అతని భార్య బుధ్రి చేటలో చింతగింజలు ఏరుతోంది. చేట కింద పెట్టింది. బుధ్రి ఆ పారాకి మితానిన్. జ్వరాలకి మాత్రలివ్వడం, కాన్పులకి ఆసుపత్రికి తోడు వెళ్లడం ఆమె పని. ఆ పని నేర్పింది ఊర్మిల.

"ఏం జెప్తున్నవ్ సారూ?" అంది.

"జరిగింది జరిగినట్టు వెయ్యమంటున్నాను."

"నందా, నీ పెన్సిలు అవతల పెట్టు."

నంద పెన్సిలు చెవి వెనక పెట్టుకున్నాడు.

"రాయి మీద ఎవల బొమ్మ రాస్తే వాళ్లు పోవాలె," అంది బుధ్రి. "డ్రైవర్‌ని రాస్తే డ్రైవర్ గూడ పోవాలె. గందుకనే పోయినోళ్లు వాళ్ల బండి వాళ్లే తోలుకుంట పోతరు. లక్కే ముసల్దానికి బస్సు తోలవస్తదా? రాదు. మరి ఆమెకోసం ఎవల్ని పంపుదుము? నిన్నా?"

మాసా వాతావరణం తేలిక చెయ్యాలనుకున్నాడు. "మా సుక్కాకి లైసెన్సు గూడ లేదు. అయినా ఆడ చెకింగ్ లేదంట."

నంద ఒక్కడే నవ్వి, ఆపేశాడు.

"అది మీ నమ్మకం," అన్నాను. "బొమ్మ సరిగ్గా ఉండాలని చెప్పాను, అంతే."

"నమ్మకం మాది. ముఖం నీది గదా. ఇప్పుడు తెలిసింది గదా మా లెక్క. ఇప్పుడు జెప్పు, ఆ సీట్ల నిన్ను రాస్తే నీకు సరేనా?"

"సరే," అన్నాను.

వెంటనే అన్నాను.

బుధ్రి నా వైపు చూసింది. కళ్లు చూసింది, పాదాల వాపు చూసింది. ఊర్మిల రోగుల్ని అలా చూసేది.

"నిన్న ఏం తిన్నవ్ సారూ?"

పని ఉందని చెప్పి వచ్చేశాను.

ఫిబ్రవరి 24

బొమ్మ సరిగ్గా ఉండాలనే అన్నాను.

ఫిబ్రవరి 25

ఎవరైనా అదే అంటారు. నడిపింది నేనైనప్పుడు నన్నే వెయ్యాలి. అందులో ఇంకేముంది.

ఫిబ్రవరి 27

డ్రైవరు సీటు ఇక్కడ కుడి పక్క ఎందుకు? ఎడమ పక్కన నడుస్తాం కాబట్టి. ఎడమ పక్కన ఎందుకు నడుస్తాం? ఇంగ్లీషువాళ్లు నడిచారు కాబట్టి. వాళ్లెందుకు నడిచారు? గుర్రాల కాలంలో కుడి చెయ్యి ఎదుటివాడి వైపు ఉండాలని, కత్తి దూయడానికి, అని ఒక కథ ఉంది. నిజమో కాదో ఎవరికీ తెలియదు. ఇంతదూరం వచ్చాక ఊర్మిల, "పోనీ కత్తి లేనివాళ్లు?" అనేది.

మధ్యాహ్నం కళ్లు తిరిగాయి. ఎండ.

మార్చి 1

బుధ్రి ఇంటికి వచ్చింది. మితానిన్ సంచి భుజాన, మాసా మోటారు సైకిలు మీద. మాసా వాకిట్లోనే ఉండిపోయాడు. కారు చుట్టూ తిరుగుతూ టైర్లని కాలితో తడుతున్నాడు.

నన్ను కుర్చీలో కూర్చోబెట్టి చేతికి పట్టీ కట్టింది. బీపీ మిషను ఊర్మిలదే. పోయేముందు బుధ్రి చేతికిచ్చిందట. నాకు తెలియదు.

"గోళీలు ఎప్పటిసంది లేవు?"

"ఈమధ్యే అయిపోయాయి."

"మొగోళ్లు ఈమధ్య అంటే నెల అని అర్థం. దీదీ నేర్పింది."

పట్టీ బిగిసింది, వదిలింది. మళ్లీ ఒకసారి చూసింది.

"ఎంత ఉంది?"

"జెప్తే ఇంకింత పెరుగుతది." సంచిలోంచి మాత్రలు తీసి, నీళ్లిచ్చి, మింగేదాకా ఎదురుగా నిలబడింది. తర్వాత నేల మీద కూర్చుంది.

"రాయి నీతోనే ఆగింది సారూ. మహువా రాలక ముందే నిలపాలె. నీ బొమ్మతోని మేము నిలపం. దీదీ ఒక్కతే ఉంటే నిలుపుతం. లేకుంటే రాయి మా వాకిట్లనే పండుకోని ఉంటది. కోళ్లు ఎక్కుతయి. ఏదో ఒకటి జెప్పు."

నీళ్ల గ్లాసు కింద పెట్టాను. ఆమె వెళ్లదని అర్థమైంది.

"ఆమెకి నడపడం రాదు బుధ్రీ," అన్నాను. "ఒక్కతే ఎలా వెళ్తుంది?"

"నేర్పకపోయినవా?"

"అడగలేదు. ప్రపంచంలో ఉన్నవన్నీ అడిగింది. అది మాత్రం అడగలేదు."

బుధ్రి కొంచెం నవ్వింది. "ఎందుకు అడుగుతది? తోలేటోడు గుంతలు జూస్తడు. పక్కన కూసున్నోళ్లే రాళ్లు జూస్తరు, చెట్లు జూస్తరు. ఆ సీటు ఆమె ఎందుకు ఇడుస్తది?"

ఇది నాకు తోచని సంగతి. ఇన్నేళ్లూ ఆమెకే ప్రశ్నలు ఎందుకు వచ్చేవో, నాకు ఎందుకు రాలేదో, దానికి ఇంత చిన్న కారణం. ఇప్పుడు నేను సొసైటీకి నడిచి వెళ్తున్నాను, సుక్మా బస్సులో వెళ్తున్నాను. కిటికీ పక్కన కూర్చుంటాను.

"జీపు తోలరాని సుక్కా పోయిండు," అంది లేస్తూ. "బస్సు తోలరాని లక్కే పోయింది. తిరిగొచ్చి మాకు తోలరాలేదు అన్నోళ్లు ఎవ్వరూ లేరు. దీదీకి నేర్చుకునుడు ఎంతసేపు?"

వాకిట్లోంచి మాసా అరిచాడు. "సారూ, ఎనక టైర్ల గాలి లేదు! దీదీకి ఇట్లనే ఇస్తవా బండి?"

"నోరు మూసుకో," అంది బుధ్రి గుమ్మంలోంచి.

వాళ్లు వెళ్లాక అన్నం వండుకున్నాను. చాలా నవ్వొచ్చింది, మాసా మాటకి. తర్వాత ఏడ్చాను. జూలైలో ఏడవలేదు.

మార్చి 3

పారాకి వెళ్లాను. "ఆమె ఒక్కతే," అని నందతో చెప్పాను.

"ముందుగాల గీసినట్టేనా సార్?"

"ముందు గీసినట్టే."

అతను నేను చెప్పినట్టు అసలు మార్చనే లేదు. బుధ్రి ముట్టనివ్వలేదట.

మార్చి 4

కారు వెనక టైర్లలో గాలి పట్టించాను.

మార్చి 10

ఈ రోజు రాయి నిలిపారు. బిందు వచ్చింది. డోలు వాయించారు, పందిని కోశారు. నాకు సల్ఫీ కల్లు ఇచ్చారు. బుధ్రి లోటా సగంలో లాగేసుకుని, "గోళీ ఏసుకున్నోళ్లకి ఇంతే," అంది. ఊరి పెద్ద నా పక్కన కూర్చుని భుజం మీద పాత సూది మచ్చ చూపించాడు. చెట్టు మీదినుంచి దింపి వేసిందట.

కారు నీలంగా ఉంది. మాది తెల్ల కారు. నందని అడిగాను.

"తెల్ల పలక మీద తెల్ల కారు ఏడ కనిపిస్తది సార్?"

నిజమే. అడక్కుండా ఉండాల్సింది, లేదా అడగడమే మంచిదైంది. పక్కన బిందు నవ్వింది.

ఎడమ సీటు ఖాళీగా ఉంది. అక్కడ టీకాల డబ్బా వెయ్యనా అన్నాడు నంద, కుంచె ఇంకా ఆరలేదు. ఆలోచించాను. వద్దన్నాను.

"అట్లనే ఉండనీ," అన్నాడు మాసా. "తొవ్వల ఎవలో ఒకలు చెయ్యి అడ్డం పెడతరు. దీదీ ఎక్కించుకోకుండ పోతదా?"

ఊర్మిల స్టీరింగుని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఉంది. కొత్తగా నేర్చుకునేవాళ్లంతా అలాగే పట్టుకుంటారు. నంద అది కావాలని వెయ్యలేదు. కానీ అలా పడింది.

మార్చి 12

ఊర్మిలా,

ఇన్నేళ్లు పక్కన కూర్చున్నావు, చూసే ఉంటావు. అయినా రాస్తున్నాను. బుధ్రి చెప్పినట్టు నువ్వు చెట్లు చూస్తూ ఉండి ఉంటావు.

ముందు సీటు దగ్గరికి లాక్కో. మడత దుప్పటి ఒకటి వీపు వెనక పెట్టుకో, లేకపోతే నీ కాళ్లు అందవు.

ఇది డీజిల్ బండి. తాళం తిప్పగానే లేవదు. ముందు హీటరు వెయ్యి. డ్యాష్‌బోర్డు మీద చిన్న జాలీ వెనక తీగ ఉంటుంది, అది ఎర్రబడేదాకా ఆగు. ఎందుకంటావని తెలుసు. పెట్రోలుకి నిప్పురవ్వ కావాలి. డీజిల్‌కి వేడి గాలి చాలు, కానీ చల్లగా ఉన్న ఇంజనుకి ఆ వేడి మనమే మొదట ఇవ్వాలి. తర్వాత అదే చూసుకుంటుంది.

క్లచ్ ఎడమ కాలు కింద. పూర్తిగా తొక్కు. గేరు స్టీరింగు కిందే ఉంది, కర్రలాగా. నీ వైపు లాగి పైకి తొయ్యి, అది ఒకటి. అక్కణ్ణుంచి నేరుగా కిందికి, రెండు. క్లచ్ మెల్లగా వదులు. మొదట్లో బండి గెంతి ఆగిపోతుంది. అందరికీ ఆగుతుంది. నాకు పెళ్లిచూపుల రోజున మీ వీధిలో ఆగింది, మీ నాన్న తోశారు. మళ్లీ హీటరు, మళ్లీ తాళం.

దీపం పైకీ కిందికీ చెయ్యడానికి చేత్తో వెతక్కు. క్లచ్ పక్కన నేల మీద బొత్తాం ఉంది, కాలితో నొక్కాలి. ఎదురుగా ఎవరైనా వస్తే దీపం దించు.

స్టీరింగు బరువుగా ఉంటుంది. నిలబడ్డ బండిలో తిప్పాలని చూడకు. కొంచెం కదలనిచ్చి తిప్పు, తేలికవుతుంది. మలుపుల దగ్గర హారను కొట్టు. పశువులకి కొట్టకు, బెదిరి అడ్డం వస్తాయి.

ఆపాలంటే తాళం తీస్తే చాలదు. ఎడమ చేతి కింద ఒక పిడి ఉంది, దాన్ని లాగి పట్టుకుంటే ఇంజను ఆగుతుంది. లాగకపోతే అది నడుస్తూనే ఉంటుంది.

రోడ్డుకి నడుమ ఎత్తు, అంచులు వాలు. నీళ్లు పోవడానికి. బండి ఎడమకి లాగుతున్నట్టుంటే అది నీ తప్పు కాదు.

రివర్సు గేరు గురించి రాయలేదు. అది నీకు అక్కర్లేదు.